పుట్టగొడుగుల పొడులు, మాత్రలు, కాఫీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి వానల తరువాత పుట్టల మీద మొలిచినవాటిని ఏరుకొచ్చి కూర వండుకోవడం మన పల్లెలకు కొత్త కాదు. కొత్తగా వచ్చినవి డబ్బాలు: రీషీ మాత్రలు, కార్డిసెప్స్ పొడి, లయన్స్ మేన్ కాఫీ. వీటిని కొనేముందు కొందరు, కొన్న తరువాత మరికొందరు, ఒంట్లో ఏదో తేడా చేశాక ఇంకొందరు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

పుట్టగొడుగు శాకాహారమా, మాంసాహారమా?

జీవశాస్త్రం ప్రకారం రెండూ కాదు. అది శిలీంధ్రం, మొక్కలకూ జంతువులకూ వేరుగా ఉన్న మూడో వర్గం. మొక్కల కణాల గోడలు సెల్యులోజుతో కట్టినవైతే, పుట్టగొడుగు కణాల గోడల్లో రొయ్య పెంకులో ఉండే కైటిన్ ఉంటుంది. మన ఒంట్లో కొలెస్ట్రాల్ చేసే పనిని వాటిలో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం చేస్తుంది. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకుంటే తరువాతి జవాబుల్లో చాలా భాగం తేలికగా అర్థమవుతుంది. వ్రతం రోజున తినవచ్చా అన్నది మాత్రం ఇంటి ఆచారానికి సంబంధించిన విషయం. అందులో శాస్త్రం చెప్పగలిగింది ఏమీ లేదు.

మన భాషలోని పేరు పుట్టను బట్టి వచ్చింది. పుట్టలో చెదపురుగులు ఒక రకం శిలీంధ్రాన్ని తమ తిండి కోసం పెంచుకుంటాయి. వానలు పడగానే అది గొడుగులా పైకి వస్తుంది. చెదలు లేకుండా ఆ రకాన్ని వాణిజ్యస్థాయిలో పెంచడం ఇప్పటిదాకా సాధ్యపడలేదు. అందువల్ల అంగట్లో దొరికే పొడులన్నీ వేరే జాతులవి.

‘ఫంక్షనల్ ఫుడ్’ అంటే ఏమిటి? సప్లిమెంటుకూ దానికీ తేడా ఏమిటి?

ఆకలి తీర్చి, పోషణ ఇచ్చి, వాటికి తోడు శరీరంలో ఏదో ఒక పనికి ప్రత్యేకంగా మేలు చేస్తుందని భావించే ఆహారాన్ని ఫంక్షనల్ ఫుడ్ అంటున్నారు. ఈ ఆలోచన 1980ల్లో జపాన్‌లో మొదలైంది. 1991లో ఆ దేశం ఇలాంటి ఆహారాలకు ప్రత్యేక అనుమతి విధానాన్ని కూడా తెచ్చింది. పుట్టగొడుగుల కూర ఆహారం. అదే పుట్టగొడుగును ఎండబెట్టి, మరిగించి, సారం తీసి మాత్రలో పెడితే అది సప్లిమెంటు. తేడా రూపంలోనే కాదు, మోతాదులోనూ ఉంది. కూరలో ఎక్కువైతే కడుపు నిండి చేయి ఆగిపోతుంది. పొడికి అలాంటి హద్దు లేదు. సమస్యలు ఎక్కువగా పొడుల దగ్గరే కనబడటానికి ఇదొక కారణం.

వీటిలో మాంసకృత్తులు, విటమిన్ డి, బి12 బాగా ఉంటాయంటారు. నిజమేనా?

మూడింటికీ వేర్వేరు జవాబులు చెప్పాలి.

మాంసకృత్తుల విషయంలో గందరగోళం అంతా తడి బరువు, పొడి బరువు మధ్య ఉంది. పచ్చి బటన్ పుట్టగొడుగుల్లో 90 శాతానికి పైగా నీరే. 100 గ్రాములకు వచ్చే మాంసకృత్తులు సుమారు 3 గ్రాములు; అదే 100 గ్రాముల కందిపప్పులో 20 గ్రాములకు పైనే ఉంటాయి. ప్రకటనల్లో కనిపించే పెద్ద అంకెలు నీరంతా పోయిన ఎండు పుట్టగొడుగులవి. కాబట్టి పప్పు మానేసి దాని స్థానంలో పుట్టగొడుగులు తింటే నష్టమే. పప్పుతో పాటు తింటే మంచిదే.

బి12 విషయంలో శాకాహారులు మోసపోకూడదు. కొన్ని రకాల్లో అది లేశమాత్రంగా కనిపిస్తుంది గాని, లోపం ఉన్నవారు దాని మీద ఆధారపడేంత ఉండదు.

విటమిన్ డి సంగతి మాత్రం ఆసక్తికరమైనది. పైన చెప్పిన ఎర్గోస్టెరాల్ మీద అతినీలలోహిత కిరణాలు పడితే అది విటమిన్ డి2గా మారుతుంది. చీకటి గదుల్లో పెంచి, ప్యాకెట్లో చుట్టి అమ్మే పుట్టగొడుగుల్లో డి దాదాపు ఉండదు. వాటినే ముక్కలుగా కోసి, మధ్యాహ్నపు ఎండలో పళ్లెంలో పరిచి, పావుగంట నుంచి రెండు గంటల దాకా ఉంచితే 100 గ్రాములకు 10 మైక్రోగ్రాములు, అంతకు మించి కూడా తయారవుతుంది. మన దేశంలో పెద్దలకు సూచించిన రోజువారీ మోతాదు 15 మైక్రోగ్రాములు. మాగాయ ముక్కలు ఎండబెట్టే ఇంట్లో ఈ పనికి కొత్త సామాను ఏదీ అక్కర్లేదు. కిటికీ అద్దం లోపల పెడితే మాత్రం ఫలితం ఉండదు. కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. డి2 కన్నా డి3 (మన చర్మంలో తయారయ్యే రకం) రక్తంలో స్థాయిని బాగా పెంచుతుంది కనుక, పరీక్షలో తీవ్రమైన లోపం తేలినవారు వైద్యులు రాసిన మందును దీనికోసం ఆపకూడదు.

బీటా గ్లూకాన్ అంటే ఏమిటి? అది నిజంగా రోగనిరోధక శక్తిని పెంచుతుందా?

పుట్టగొడుగు కణాల గోడల్లో కైటిన్‌తో పాటు ఉండే పీచు పదార్థం అది. గ్లూకోజ్ అణువులు ఒక ప్రత్యేక పద్ధతిలో కొక్కేలు వేసుకున్న గొలుసు. మన తెల్లరక్తకణాలు దీన్ని శిలీంధ్రపు ఆనవాలుగా గుర్తుపడతాయి, దాంతో కొంత చురుకు పుంజుకుంటాయి. ఇంతవరకు ప్రయోగశాలల్లో బాగా నిరూపితమైన విషయమే. అక్కడి నుంచి ‘జలుబు రాదు, కరోనా రాదు, కేన్సర్ తగ్గుతుంది’ అనేదాకా వెళ్లే దారిలో వంతెనలు చాలా తక్కువ. పైగా నిరోధక శక్తి అనేది సైకిల్ టైరులో గాలి వంటిది కాదు, ఎంత కొడితే అంత మేలు అనుకోవడానికి. అది తన ఒంటి మీదనే తిరగబడే కీళ్లవాతం, లూపస్ వంటి జబ్బులు ఉన్నవారికి దాన్ని రెచ్చగొట్టడం మంచిది కాదు.

జపాన్‌లో పుట్టగొడుగుల మందుతో కేన్సర్‌కు వైద్యం చేస్తారని విన్నాం. అది కూడా అబద్ధమేనా?

అబద్ధం కాదు, సగం చెప్పిన నిజం. షిటాకే అనే తినే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్ అనే పదార్థానికి 1985లో జపాన్ అనుమతి ఇచ్చింది. కాని అది సూదిమందు. ఉదర కేన్సర్ రోగులకు, ఆసుపత్రిలో, కీమోథెరపీకి తోడుగా ఇచ్చేది. ట్రామెటీస్ అనే మరో పుట్టగొడుగు నుంచి తీసిన పి.ఎస్.కె. అనే మందు నోటితో తీసుకునేదే; దాన్ని 1970ల నుంచి వాడారు, అదీ శస్త్రచికిత్స, కీమోథెరపీలతో కలిపే. రెండూ శుద్ధి చేసి, మోతాదు కట్టి, మందుగా తయారు చేసినవి. వాటి మీద వచ్చిన ఫలితాలను షిటాకే పొడి డబ్బా మీద అచ్చువేయడం, ఒకరి మార్కుల పత్రం మీద ఇంకొకరి ఫొటో అంటించడమే.

కేన్సర్ చికిత్సలో ఉన్నవారు ఎవరైనా ఇలాంటివి మొదలుపెట్టే ముందు కేన్సర్ వైద్యుడికి చెప్పి తీరాలి. దాచిపెట్టి వాడేవారే ఎక్కువ, ‘డాక్టరు తిడతాడేమో’ అన్న భయంతో. కాలేయ పరీక్షలో తేడా వచ్చినప్పుడు అది కీమో వల్ల వచ్చిందో పొడి వల్ల వచ్చిందో తెలియక, అవసరమైన కీమోనే వాయిదా వేయాల్సి రావచ్చు.

రీషీ అంత గొప్పదా?

చైనాలో లింగ్‌జీ అనీ, జపాన్‌లో రీషీ అనీ పిలిచే ఇది గానోడెర్మా జాతికి చెందినది. చెక్కలా గట్టిగా, లక్క పూసినట్టు ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. వండుకు తినడానికి పనికిరాదు. మరిగించి తాగాలి, చేదుగా ఉంటుంది. గానోడెర్మా అనే పేరు వినగానే కోనసీమ రైతుకు దీర్ఘాయుష్షు కాదు, మొదలు కుళ్లి ఎండిపోయే కొబ్బరి చెట్టు గుర్తొస్తుంది. కొబ్బరి తోటలను పాడుచేసే గానోడెర్మా తెగులు ఈ జాతి శిలీంధ్రాల వల్ల వచ్చేదే. అంత మాత్రాన తోటలో చెట్టు మొదలున కనిపించినదాన్ని కోసుకుని కషాయం కాచకండి. జాతులు వేరు, తోటలో చల్లిన మందులు వేరు.

ఆధారాల సంగతికి వస్తే, వైద్య ప్రయోగాలను జల్లెడ పట్టి సమీక్షించే కాక్రేన్ సంస్థ రీషీ మీద రెండు సమీక్షలు చేసింది. కేన్సర్‌కు ప్రధాన చికిత్సగా దీన్ని వాడటానికి తగిన ఆధారాలు లేవని ఒకటి తేల్చింది; మామూలు చికిత్సకు తోడుగా ఇచ్చినప్పుడు కొంత ప్రయోజనం ఉండవచ్చని, ప్రయోగాలు చిన్నవని, నాణ్యత తక్కువని కూడా చెప్పింది. 2015లో వచ్చిన రెండోది, మధుమేహం ఉన్నవారిలో గుండెజబ్బు ముప్పును తగ్గించడానికి రీషీ పనికొస్తుందనడాన్ని సమర్థించలేదు. పొడి రూపంలో వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు హాంకాంగ్, థాయిలాండ్‌ల వైద్యులు నమోదు చేశారు. రక్తం గడ్డకట్టడాన్ని కూడా ఇది కొంత మందగింపజేయవచ్చు.

ఎవరైనా అడిగితే నేను వద్దనే చెబుతాను: ఖరీదుకు తగిన ఫలితం కనబడటం లేదు, ముప్పు మాత్రం సున్నా కాదు.

కార్డిసెప్స్ వేసుకుంటే ఆయాసం తగ్గి ఓపిక పెరుగుతుందా?

ముందు ఏ కార్డిసెప్స్ అన్నది తేల్చుకోవాలి. హిమాలయాల్లో 3,500 మీటర్లకు పైబడిన పచ్చిక మైదానాల్లో, నేలలోపల ఉన్న ఒక గొంగళిపురుగును పట్టి చంపి, దాని తలలోంచి పుల్లలా మొలిచే శిలీంధ్రం ఒకటి. టిబెట్‌లో దాన్ని యార్సా గుంబు అంటారు. ఉత్తరాఖండ్‌లోని పిథౌరాగఢ్, చమోలీ ప్రాంతాల్లో కీడా జడీ. మంచు కరగగానే ఊళ్లకు ఊళ్లు దానికోసం కొండలెక్కుతాయి. ఏరివేత ఎక్కువై, 2020లో అది అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ముప్పున్న జాతిగా చేరింది. మన ఊళ్లలో అమ్మే డబ్బాల్లో ఉండేది దాదాపుగా అది కాదు. ప్రయోగశాలలో, సీసాల్లో, ఎక్కువగా బియ్యం మీద పెంచే నారింజ రంగు కార్డిసెప్స్ మిలిటారిస్ అది. రెండూ ఒకటే అన్నట్టు ప్రకటించి, కొండమీది దాని కథ చెప్పి సీసాలో దాన్ని అమ్మడం మామూలైపోయింది. నిజానికి సీసాలో పెరిగినదే ఒకందుకు నయం. అడవి రకంతో చేసిన ఉత్పత్తుల్లో ఆర్సెనిక్ పరిమితికి మించి ఉందని 2016లో చైనా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది.

ఓపిక సంగతి ప్రపంచమంతా పాకింది 1993లో. ఆ ఏడాది చైనా మహిళా పరుగు క్రీడాకారిణులు వరుసగా ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టారు. వాంగ్ జున్‌షియా 10,000 మీటర్లను 29 నిమిషాల 31.78 సెకన్లలో పరిగెత్తింది. రహస్యం ఏమిటని అడిగితే శిక్షకుడు మా జున్‌రెన్ తాబేటి రక్తం, గొంగళిపురుగు శిలీంధ్రం అన్నాడు. ఆ జవాబు ఇప్పటికీ ప్రకటనల్లో బతికే ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు నిషిద్ధ మందుల కోసం చేసిన రక్తపరీక్షల తరువాత ఆయన శిష్యురాళ్లను జట్టు నుంచి తప్పించారన్న మాట మాత్రం ఏ డబ్బా మీదా కనబడదు. తరువాత జరిగిన ప్రయోగాల్లో వయసు పైబడినవారికి కొద్దిపాటి మెరుగు కనిపించిన సందర్భాలు ఉన్నాయి, శిక్షణ పొందిన క్రీడాకారులకు ఏమీ తేడా రాని సందర్భాలూ ఉన్నాయి. మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేవారు ముందు చేయించుకోవలసింది హిమోగ్లోబిన్, థైరాయిడ్, గుండె పరీక్షలు.

లయన్స్ మేన్ జ్ఞాపకశక్తిని పెంచుతుందా?

తెల్లటి జూలులా వేలాడే ఈ పుట్టగొడుగు మీద ఎక్కువగా ఉదహరించేది 2009లో జపాన్‌లో వెలువడిన ప్రయోగం. 50 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న, స్వల్ప మతిమరుపు మొదలైన 30 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు 3 గ్రాముల పొడిని మాత్రలుగా 16 వారాలు ఇచ్చారు. వారి పరీక్ష మార్కులు పెరిగాయి; మాత్రలు ఆపిన 4 వారాలకు మళ్లీ తగ్గాయి. ఆశ కలిగించే ఫలితమే, కాని 30 మందితో చేసిన ప్రయోగం. పరీక్షలకు చదివే పిల్లలకు, బుర్ర చురుగ్గానే ఉన్న ఉద్యోగులకు దీన్నుంచి ఏ భరోసా తీసుకోలేము. పైగా ఇప్పుడు అమ్ముతున్న కాఫీ పొడుల్లో ఒక కప్పుకు వచ్చే మోతాదు ఆ 3 గ్రాములకు తరచుగా చాలా తక్కువ.

సప్లిమెంటు కాకుండా, మామూలు పుట్టగొడుగులు తినేవారి మీద సింగపూర్‌లో ఒక పరిశీలన జరిగింది. 60 దాటిన 663 మందిలో వారానికి 300 గ్రాములకు మించి వండిన పుట్టగొడుగులు తినేవారికి, తక్కువ తినేవారితో పోలిస్తే, స్వల్ప మతిమరుపు సగం మాత్రమే కనబడింది. ఇది 2019లో వెలువడింది. పుట్టగొడుగులే కారణమని దీన్నిబట్టి తేల్చలేము. వాటిని తినేవారు మిగతా తిండిలో, నడకలో కూడా జాగ్రత్తపరులై ఉండవచ్చు. అయినా డబ్బా కన్నా కూర మీద ఖర్చు పెట్టడానికి ఇది కొంత మొగ్గు చూపిస్తుంది.

కొలెస్ట్రాల్, షుగర్ తగ్గుతాయా?

ముత్యపుచిప్ప (ఆయిస్టర్) పుట్టగొడుగుల్లో లోవాస్టాటిన్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది. అమెరికాలో 1987లో అనుమతి పొందిన కొలెస్ట్రాల్ మందు అదే పదార్థం, కాకపోతే దాన్ని వేరే శిలీంధ్రం నుంచి తీశారు. పుట్టగొడుగులో అది ఎంత ఉంటుందన్నది పంటను బట్టి, పెంచిన గడ్డిని బట్టి మారిపోతుంది. కాబట్టి మందుగా లెక్కపెట్టుకోవడానికి వీలులేదు. కూరగా తింటే పీచు పెరుగుతుంది, అన్నం కొంత తగ్గుతుంది, ఆ మేరకు షుగరు అదుపుకు సాయం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వేసుకునేవారు గాఢమైన సారాలను వాటికి జోడించకపోవడం మంచిది.

డబ్బా మీద ఏమి చూసి కొనాలి?

అన్ని ప్రశ్నల్లోకీ ముఖ్యమైనది నా దృష్టిలో ఇదే. మొదట, ఏ భాగం వాడారో చూడండి. గొడుగులా పైకి వచ్చేది ఫలభాగం. లోపల దారాల్లా అల్లుకునేది శిలీంధ్రజాలం. శిలీంధ్రజాలాన్ని ధాన్యం మీద పెంచి, ఆ ధాన్యాన్ని వేరు చేయకుండా మొత్తంగా ఎండబెట్టి పొడి చేస్తే, మీరు కొన్నదానిలో మంచి భాగం బియ్యప్పిండో ఓట్స్ పిండో అవుతుంది. ఇంట్లో తేలికైన పరీక్ష ఒకటి ఉంది: పొడిని నీళ్లలో మరిగించి చల్లార్చి, మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయోడిన్ చుక్క వేయండి. ముదురు నీలిరంగుకు మారితే పిండిపదార్థం ఉన్నట్టే. పరీక్షించిన నీటిని పారబోయండి, తాగకండి.

రెండోది, ‘పాలిశాకరైడ్లు 40 శాతం’ వంటి మాటకు పడిపోవద్దు. పాలిశాకరైడ్ అంటే చక్కెర అణువుల గొలుసు, పిండి కూడా పాలిశాకరైడే. బీటా గ్లూకాన్ శాతం విడిగా రాసి ఉంటేనే దానికి అర్థం. వేడినీటి సారమా, ఉత్త పొడా అన్నదీ చూడాలి; కైటిన్ గోడల్లో చిక్కుకున్న బీటా గ్లూకాన్ మరిగిస్తేనే బాగా బయటికి వస్తుంది. అమెరికాలో అమ్ముతున్న 19 రీషీ ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించిన పరిశోధనలో కేవలం 5 మాత్రమే లేబుల్‌కు తగినట్టు ఉన్నాయి. నియంత్రణ కాస్త గట్టిగా ఉందనుకునే అంగట్లోనే అలా ఉంటే, చేతి నుంచి చేతికి, వాట్సాప్ గ్రూపుల్లో అమ్మేవాటి సంగతి ఊహించుకోవచ్చు.

మన దేశంలో ఇవి న్యూట్రాస్యూటికల్ (ఆరోగ్యం కోసమని అమ్మే ఆహార ఉత్పత్తుల) నిబంధనల కిందికి వస్తాయి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరు, ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలి. జబ్బు నయం చేస్తామని రాయడానికి వీలులేదు. అలా రాసినా, అమ్మే మనిషి నోటితో అలా చెప్పినా, ఆ సరుకును వదిలేయడానికి అదొక్కటి చాలు.

పుట్టగొడుగుల కాఫీ?

కాఫీలాగా తాగండి, మందులాగా కాదు. కాఫీ పొడి కొంత తగ్గించి పుట్టగొడుగు సారం కలపడం వల్ల కెఫీన్ తగ్గుతుంది. నిద్ర బాగా పట్టిందని చెప్పేవారి అనుభవానికి కారణం చాలావరకు అదే కావచ్చు.

ఎవరు వీటికి దూరంగా ఉండాలి?

రక్తం పలచబడే మందులు వాడేవారు, అవయవ మార్పిడి తరువాత నిరోధక శక్తిని అణిచే మందులు వేసుకునేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సారాలను, మాత్రలను వాడకూడదు. శస్త్రచికిత్స ఉంటే కనీసం రెండు వారాల ముందు ఆపి, ఆ సంగతి మత్తు ఇచ్చే వైద్యుడికి చెప్పాలి. షుగరు మందులు వాడేవారికి షుగరు మరీ పడిపోయే అవకాశం ఉంది.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఛాగా విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. చలి దేశాల్లో బర్చ్ చెట్ల మీద నల్లటి బొగ్గుముద్దలా పెరిగే ఈ శిలీంధ్రంలో ఆక్సలేట్ (మూత్రపిండాల్లో రాళ్లు కట్టే పదార్థం) చాలా ఎక్కువ. కాలేయ కేన్సర్ ఉన్న 72 ఏళ్ల జపాన్ మహిళ ఒకరు ఆరు నెలలపాటు రోజూ నాలుగైదు చెంచాల ఛాగా పొడి తీసుకోగా, ఆక్సలేట్ పేరుకుని ఆమె మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 2014లో ఈ సంఘటన వైద్య పత్రికలో వచ్చింది. డయాలిసిస్‌లో ఉన్నవారికి మామూలు పుట్టగొడుగుల్లోని పొటాషియం కూడా లెక్కలోకి వస్తుంది.

పచ్చివి సలాడ్‌లో తినవచ్చా?

వద్దు. షిటాకేను పచ్చిగా, సగం ఉడికించి తిన్న కొందరికి ఒంటిమీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారలు తేలతాయి. ఒకటి రెండు రోజుల తరువాత వస్తుంది కనుక కారణం తట్టదు. బటన్ రకంలోని అగారిటిన్ అనే అవాంఛిత పదార్థం కూడా వండితే తగ్గుతుంది. బాగా ఉడికించినా కడుపు ఉబ్బరం వస్తే మానిటాల్ అనే చక్కెర కారణం కావచ్చు. అలాంటివారికి బటన్ కన్నా ముత్యపుచిప్ప రకం పడుతుంది.

అడవిలో దొరికేవి సహజం కదా, అవే మేలు కాదా?

తరతరాలుగా గుర్తుపట్టడం తెలిసినవారు ఏరినవి తప్ప ముట్టుకోకండి. వెండి చెంచా నల్లబడటం, పురుగులు తిని ఉండటం వంటి పరీక్షలు ఏవీ నమ్మదగినవి కావు. అమానిటా జాతిలోని విషం ఉడికించినా పోదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత వాంతులు, విరేచనాలు మొదలై, మర్నాటికి తగ్గినట్టే అనిపించి, ఆ తరువాత కాలేయం చెడుతుంది. తగ్గిందని ఇంట్లోనే ఉండిపోవడం వల్ల ప్రాణాల మీదికి వస్తుంది. తిన్న పుట్టగొడుగు ముక్క మిగిలితే దాన్ని కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

విదేశాల్లో ఉండే పిల్లలు పుట్టగొడుగుల గమ్మీలు (జెల్లీ మిఠాయిలు) తింటున్నారు. అవి కూడా ఇలాంటివేనా?

కొన్ని మాత్రమే. కొన్నింటిలో అమానిటా మస్కారియా వంటి మత్తు, భ్రాంతి కలిగించే జాతులు ఉంటాయి. వీటిని ఆహారంలో వాడటం సురక్షితం కాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024లో చెప్పింది. సైలోసిబిన్ అనే భ్రాంతి కలిగించే పదార్థం ఉన్నవి మన దేశంలో మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. సెలవులకు వచ్చేటప్పుడు సామానులో తేవద్దని వారికి ముందే చెప్పండి.

ఇంతకీ ఏవి కొనాలి, ఎంత తినాలి?

మన వాతావరణంలో వరిగడ్డి మీద పెరిగే ముత్యపుచిప్ప రకం, 30 నుంచి 35 డిగ్రీల వేడిలోనూ పండే పాల పుట్టగొడుగులు రెండూ మంచివే, చలిగది అవసరం లేకుండా దగ్గరి రైతులు పండించగలిగేవే. వారానికి రెండు మూడుసార్లు, మనిషికి 100 గ్రాముల పచ్చివి చొప్పున వండుకుంటే చాలు. మొదటిసారి తినేవారు కొద్దిగా తిని ఒక రోజు ఆగి చూడాలి. తెచ్చిన రోజునే కాగితపు సంచిలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, ప్లాస్టిక్ కవరులో చెమ్మగిల్లి జిగురు పడతాయి. మిగిలిపోతే ఎండబెట్టి దంచి డబ్బాలో పోసుకోండి. చారులో, పప్పులో ఒక చెంచా వేసి ఉడికిస్తే రుచి వస్తుంది. ఆ పొడికి లేబుల్ ఉండదు, కాని అందులో ఏముందో మీకు తెలుసు.